అప్‌డేట్: మా చెల్లెలు ఫిర్యాదు చేసింది

భర్త కొడుతున్నాడని మా చెల్లెలు చెప్పినప్పుడు, పోలీసుల దగ్గరకు వెళ్లాలా వద్దా అని గత నెల అడిగాను, వెళ్లాము. మొదట వెళ్లిన స్టేషన్‌లో "సర్దుకుపోవాలమ్మా" అన్నారు, ఆ మాట వింటూ తను గాజుల కింద కమిలిన చేతిని కొంగుతో కప్పుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. తరువాత మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేసి, హింసకు గురైన మహిళలకు, పిల్లలకు సాయం చేసే హైదరాబాద్ పోలీసుల భరోసా కేంద్రానికి వెళ్లినప్పుడు, ఒక మహిళా అధికారి తొందరపెట్టకుండా అంతా విని, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుతో పాటు అత్తవారింట్లోనే నివసించే హక్కును కూడా కోరవచ్చని, ఉచిత న్యాయసహాయం అందుతుందని వివరించారు. ఈ హక్కులను బాధితురాలికి తెలియజేయడం పోలీసుల బాధ్యతేనని ఆ చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, కాబట్టి మొదటి స్టేషన్‌లో జరిగింది ముమ్మాటికీ తప్పే. భార్య పట్ల భర్త, అతని బంధువుల క్రూరత్వానికి శిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద కేసు నమోదైంది. మేజిస్ట్రేటు కోర్టులో వచ్చే వారం వాయిదా ఉంది.