విశాఖలో కొత్త అపార్ట్‌మెంట్లకి సోలార్ తప్పనిసరి చేయాలా? ముందు డాబా ఎవరిదో తేల్చాలా?

ఎంవీపీ కాలనీ వాసి

జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) పరిధిలో కొత్త అపార్ట్‌మెంట్‌కి ప్లాన్ ఇవ్వాలంటే డాబా మీద సోలార్ పెట్టి తీరాలని రూల్ తేవాలంటూ మా వాకింగ్ గ్రూపులో రోజూ వాదన నడుస్తోంది. చండీగఢ్‌లో 2016లోనే 500 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్ళకి తప్పనిసరి చేశారు కదా, ఇంత ఎండ కాసే ఊళ్ళో మనకేం అడ్డం అంటున్నారు. సోలార్ రావాలని నాకూ గట్టిగా ఉంది. కానీ డాబా ఎవరిదో తేల్చకుండా ప్యానెళ్ళు పెట్టిస్తే ఇరుగుపొరుగు మధ్య గొడవలే మిగులుతాయని నా వాదన.

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఐదంతస్తుల, 20 ఫ్లాట్ల బిల్డింగ్ ఒకటి తీసుకోండి. డాబా 4,000 చదరపు అడుగులు అనుకుందాం. లిఫ్ట్ రూమ్, మెట్ల గది, ట్యాంకులు, వాటి నీడ పడే చోటు, నడిచే దారి, బట్టలు ఆరేసుకునే జాగా అన్నీ తీసేస్తే 2,000 మిగలొచ్చు. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు కావాలి కాబట్టి మొత్తం 20 కిలోవాట్లు, అంటే ఫ్లాట్‌కి ఒకటి. రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన నెలకి 120 యూనిట్లు వస్తాయి. నెలకి 250 యూనిట్లు వాడే ఇంటికి ఆ 120 పైనున్న స్లాబుల్లోంచి తగ్గుతాయి, 8.75 రూపాయల రేటులో 25, ఆరు రూపాయల రేటులో 95. అంటే ఇంచుమించు 789 రూపాయలు మిగులు. మధ్యతరగతి ఇంట్లో అది పాల బిల్లులో సగం.

ఇదంతా డాబా అందరికీ సమానంగా దక్కితేనే. కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్‌లో ఒక ఇల్లు 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 సబ్సిడీ వస్తుంది, అంటే కిలోవాట్‌కి 26,000. అదే అసోసియేషన్ తరఫున లిఫ్ట్‌కీ మోటారుకీ పెడితే కిలోవాట్‌కి 18,000 మాత్రమే. ఇక ఎవరు ఆగుతారు? ముందు అప్లై చేసిన ఆరుగురు తలా మూడు కిలోవాట్లు పెట్టుకుంటే డాబా దాదాపు అయిపోతుంది, మిగిలిన 14 ఇళ్ళు చూస్తూ కూర్చోవాలి. పైగా పాత బిల్డింగుల్లో చాలాచోట్ల టెర్రస్ హక్కులు బిల్డరే ఉంచుకుంటాడు, లేదా పెంట్‌హౌస్ కొన్నవాళ్ళకి రాసిచ్చేస్తాడు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం టెర్రస్‌ని కామన్ ఏరియాల్లో చేర్చింది, అయినా సేల్ డీడ్ చదివి సంతకం పెట్టేవాళ్ళు ఎంతమంది?

నేను కోరేది ఇది. ప్లాన్ దశలోనే డాబాలో ఎండ పడే భాగాన్ని సోలార్‌కి ఖాళీగా గుర్తించాలి, శ్లాబు వేసేటప్పుడే బోల్టులూ, కింద మీటర్ రూమ్ దాకా పైపూ వదలాలి, డీడ్‌లో డాబా అందరిదీ అని రాయాలి. ప్యానెళ్ళు రెండేళ్ళలోపు అసోసియేషన్ పెట్టుకుంటుంది, వచ్చిన యూనిట్లు ఫ్లాట్ల బిల్లుల్లో పంచుతారు. ఇలా పంచే మీటరింగ్‌కి ఢిల్లీ 2019లోనే నిబంధనలు తెచ్చింది. మీరేమంటారు?

గాజువాక కుర్రాడు

అన్నా, మీ లెక్క బాగుంది కానీ మీరు చెప్పే దారిలో వెళ్తే ఇంకో పదేళ్ళకి కూడా ఒక్క ప్యానెల్ ఎక్కదు. ఇంకుడు గుంతలు ఏమయ్యాయో చూశాం కదా. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం వచ్చింది, ప్రతి ప్లాన్‌లోనూ గుంత గీసి ఉంటుంది. ఎన్ని అపార్ట్‌మెంట్లలో నీళ్ళు ఇంకుతున్నాయి? చాలాచోట్ల దాని మీద టైల్స్ వేసి పార్కింగ్ చేసేశారు. "తర్వాత పెట్టుకుంటాం" అన్నది ఏదైనా ఈ ఊళ్ళో కాగితం మీదే ఉండిపోతుంది.

మీరు బీచ్ రోడ్డు వైపు నుంచి ఆలోచిస్తున్నారు, మేము ఇటు నుంచి చూస్తున్నాం. పరవాడలో సింహాద్రి థర్మల్ 2,000 మెగావాట్లు. కరెంటు అందరికీ, బూడిద మాత్రం చుట్టుపక్కల ఊళ్ళకి. గాలి వీస్తే బూడిద చెరువు వైపు నుంచి వచ్చే దుమ్ము ఎలా ఉంటుందో అక్కడ ఒక వేసవి ఉంటే తెలుస్తుంది. అక్కడే రిజర్వాయర్ మీద 25 మెగావాట్ల తేలే సోలార్ 2021లో పెట్టారు, మంచిదే. కానీ ఊళ్ళో ఏసీలు వాడేవాళ్ళు తమ నెత్తి మీద కొంతయినా తయారు చేసుకోవాలని అడగడం తప్పా? ప్యానెళ్ళు ఎక్కించి, గ్రిడ్‌కి పంపిన యూనిట్లని బిల్లులో తగ్గించే నెట్ మీటర్ పెట్టించాకే ఓసీ (బిల్డింగ్‌లో ఉండటానికి ఇచ్చే సర్టిఫికెట్) ఇవ్వాలి. అప్పుడు బిల్డర్ తన పని తను చేస్తాడు.

స్ట్రక్చరల్ ఇంజనీర్, సీతమ్మధార

ఇద్దరూ వదిలేసిన విషయం గాలి.

విశాఖకి డిజైన్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఇది బిల్డింగ్ డిజైన్ కోడ్‌లో ఉన్న అంకె, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను దాన్ని మనకి కళ్ళారా చూపించింది. డాబా అంచుల్లో, మూలల్లో గాలి ప్యానెల్‌ని పైకి లాగే బలం మధ్యలో కంటే చాలా ఎక్కువ. ఊళ్ళో చాలామంది ఇన్‌స్టాలర్లు చేసేది శ్లాబు మీద కాంక్రీటు దిమ్మలు పెట్టి వాటికి స్టాండు బిగించడం. ఆ దిమ్మ బరువు ఈ గాలికి సరిపోతుందా అని లెక్క అడిగితే చాలామంది దగ్గర కాగితం ఉండదు. కొందరు నేరుగా శ్లాబుకి డ్రిల్ చేస్తారు, వాటర్‌ప్రూఫింగ్ పోయి ఐదో అంతస్తు వాళ్ళకి వానాకాలంలో సీలింగ్ కారుతుంది. ఆ ఇంటివాళ్ళు జన్మలో సోలార్‌కి ఒప్పుకోరు. కాబట్టి శ్లాబు పోసేటప్పుడే బోల్టులు వదలాలన్న ఎంవీపీ గారి మాటని ఇంజనీరుగా పూర్తిగా సమర్థిస్తాను. తర్వాత చేసే పనితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

రెండోది ఉప్పుగాలి. సముద్రానికి దగ్గర్లో మామూలు పెయింట్ వేసిన ఇనుప స్టాండు త్వరగానే తుప్పు పడుతుంది. హాట్ డిప్ గాల్వనైజింగ్ (జింకు పూత) గానీ అల్యూమినియం గానీ కావాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ ఉండాలి, ప్యానెల్‌కి ఉప్పు తేమ పరీక్ష సర్టిఫికెట్ ఉందో లేదో చూడాలి. గాజువాక బ్రదర్, బిల్డర్ చేతే పెట్టించి ఓసీ ఇచ్చేస్తే అతను కొనేది మార్కెట్లో అన్నిటికంటే చవక సరుకు. ప్యానెల్ 25 ఏళ్ళు ఉండాలి, బిల్డర్ ఫ్లాట్లు అమ్ముకుని వెళ్ళిపోతాడు. అందుకే నాకు మీ పద్ధతి భయం.

ఇంకోటి, చాలామంది నన్ను అడుగుతుంటారు. తుఫానుకి కరెంటు పోతే సోలార్ ఉన్న ఇంట్లో లైటు వెలుగుతుందా అని. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపిన మామూలు సిస్టమ్ అయితే వెలగదు. లైన్ మీద పని చేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ ఆగిపోయేలా చేస్తారు. హుద్‌హుద్ లాంటిది మళ్ళీ వస్తే ఎండ కాస్తున్నా ఇల్లు చీకటే. అమ్మేవాళ్ళు ఈ మాట ముందే చెప్పాలి.

మధురవాడలో అద్దెకి

ఇంతమంది మాట్లాడుతున్నారు, అద్దెకుండేవాళ్ళ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఐటీ సెజ్ చుట్టుపక్కల మాలాంటి వాళ్ళతోనే ఫ్లాట్లు నిండాయి. మీటర్ ఓనర్ పేర ఉంటుంది, బిల్లు నేను కడతాను. సోలార్ పెడితే బిల్లు తగ్గుతుందని ఓనర్ అద్దె పెంచుతారు, సబ్సిడీ ఆయన ఖాతాలోనే పడుతుంది. బిల్డర్ పెడితే ఆ ఖర్చు చదరపు అడుగు ధరలో కలుపుతాడు, ఇప్పటికే ఈ ఊళ్ళో ఇల్లు కొనాలంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇంకా కింద ఉన్నవాళ్ళ సంగతి చూడండి. నెలకి 75 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 30 యూనిట్లకి 1.90 చొప్పున, మిగతా 45కి 3 రూపాయల చొప్పున, 192 రూపాయలు. వాళ్ళకి సోలార్‌తో పెద్దగా మిగిలేదేమీ లేదు. అంత తక్కువ రేటుకి ఇవ్వగలుగుతున్నారంటే పై స్లాబుల వాళ్ళు ఎక్కువ కట్టడం ఒక కారణం. ఆ పై స్లాబుల వాళ్ళంతా సోలార్‌తో కిందికి దిగిపోతే మన కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఈపీడీసీఎల్ ఆ లోటు ఎక్కడ పూడ్చుకుంటుంది? పాత లోటు పూడ్చే ట్రూ అప్ చార్జీల పేరుతో ఇప్పటికే అందరం కడుతున్నాం. మేడమ్‌లు, సార్లు, దీనికి ఎవరైనా సమాధానం చెప్పండి.

ఎంవీపీ కాలనీ వాసి

మధురవాడ తమ్ముడూ, రెండు ప్రశ్నలూ సరైనవే.

అద్దె విషయంలో, యూనిట్లు ఫ్లాట్ మీటర్‌కి నేరుగా జమ అయితే ఎవరు ఉంటే వాళ్ళ బిల్లే తగ్గుతుంది. ఓనర్ దాన్ని అద్దెలో లాక్కోవచ్చు, నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. కానీ అదే డాబా మీద ఓనర్లు విడివిడిగా పెట్టుకునే పద్ధతిలో అద్దెకున్నవాళ్ళకి అసలు మాటే ఉండదు కదా. డిస్కం లోటు మాత్రం నిజమైన సమస్య. అందుకే ఒకే ఇంటికి పెద్ద సిస్టమ్ ఇచ్చే బదులు ఇరవై ఇళ్ళకి చిన్న చిన్న వాటా ఇవ్వాలంటున్నాను. ఒక్క కిలోవాట్‌తో 250 యూనిట్లు వాడే ఇల్లు పూర్తిగా కింది స్లాబులోకి జారిపోదు, అందరూ ఎంతో కొంత కడుతూనే ఉంటారు.

ఇంజనీరు గారి మాటతో నా వాదనకి బలం వచ్చింది. ఆ స్టాండు, ఆ బోల్టుల నాణ్యత కూడా ప్లాన్ షరతుల్లో ఉండాలి.

పెదజాలారిపేట

మా అందరి మాట ఒకటే. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్లు ఉచితం, బీసీలకి కేంద్రం ఇచ్చే 60,000 మీద రాష్ట్రం ఇంకో 20,000 అని ప్రకటించారు, సంతోషం. మేం మత్స్యకారులం, బీసీలమే. కానీ సోలార్ పెట్టాలంటే గట్టి డాబా సొంతంగా ఉండాలి కదా బాబూ. మా పేటలో ఒకరి గోడ మీద ఇంకొకరి గది, రేకులు, పెంకులు. ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్ళలో ఉన్నవాళ్ళకి 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, జీ ప్లస్ త్రీ, డాబా అక్కడా ఉమ్మడే. కొండవాలు కాలనీల్లో ఇల్లు ఉన్నా పట్టా లేనివాళ్ళు ఉన్నారు, బ్యాంకు లోన్ ఇవ్వదు. పథకం ఉంది, మా దాకా వచ్చే దారి లేదు.

మాకు కావాల్సింది వేరు. తుఫాను వచ్చినప్పుడు జనాన్ని చేర్చే బడి, కమ్యూనిటీ హాలు ఉన్నాయి కదా, వాటి మీద బ్యాటరీతో సోలార్ పెట్టండి. హుద్‌హుద్ అప్పుడు ఫోన్ చార్జింగ్ లేక వేటకెళ్ళినోళ్ళ సమాచారం తెలీక ఆడాళ్ళు ఏడుస్తూ కూర్చున్నారు. మందులు పెట్టుకోడానికి ఒక్క ఫ్రిజ్ నడిచినా చాలు. ముడసర్లోవ చెరువు మీద 2018లో 2 మెగావాట్లు పెట్టుకున్న ఊరికి ఇది పెద్ద పనా?

మున్సిపల్ రిటైర్డ్

ముప్పై ఏళ్ళు మున్సిపాలిటీల్లో చేశాను కాబట్టి ఒక మాట. మీరంతా జీవీఎంసీ తలుపు తడుతున్నారు. బిల్డింగ్ రూల్స్ రాష్ట్ర మున్సిపల్ శాఖ జీవో రూపంలో ఇస్తుంది, కౌన్సిల్ సొంతంగా తప్పనిసరి అనలేదు. కౌన్సిల్ చేయగలిగింది తీర్మానం చేసి ప్రభుత్వాన్ని అడగడం. ఆ కౌన్సిలే 2012 నుంచి 2021 దాకా లేదు, స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. ఎన్నికైన కార్పొరేటర్ లేని తొమ్మిదేళ్ళలో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీకు తెలుసు. తర్వాత 2025 ఏప్రిల్లో అవిశ్వాసం పెట్టి మేయర్‌నే మార్చారు. ఆ రోజుల్లో కార్పొరేటర్లని క్యాంపులకి తీసుకెళ్ళడం చూశాం, డాబాల గురించి ఒక్క చర్చా వినలేదు.

పని జరగదని మాత్రం అనను. హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్ళో 90 వేలకి పైగా వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి. ఆ దీపాలన్నీ ఒకే యజమానివి, కార్పొరేషన్‌వి, అందుకే వేగంగా జరిగింది. మీ డాబాకి ఇరవై మంది యజమానులు. కాబట్టి పెదజాలారిపేట బాబు చెప్పినట్టు కార్పొరేషన్ సొంత బడులు, హాళ్ళతో మొదలుపెట్టండి, దానికి జీవో కోసం ఎదురు చూడక్కర్లేదు.

గాజువాక కుర్రాడు

మాస్టారూ, బడుల మాట ఒప్పుకుంటా. కానీ ఇంకోవైపు చూడండి, 2025 అక్టోబర్లో గూగుల్ డేటా సెంటర్‌కి ఒప్పందం అయింది, 1 గిగావాట్. దానికి లేని అడ్డంకి మాకెందుకు?

స్ట్రక్చరల్ ఇంజనీర్, సీతమ్మధార

బ్రదర్, ఆ అంకె పక్కన మన అంకె పెట్టి చూద్దాం. 20 కిలోవాట్ల డాబా రోజుకి 80 యూనిట్లు ఇస్తుంది. ఒక గిగావాట్ రోజంతా పూర్తిగా వాడితే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. అంటే అలాంటి డాబాలు మూడు లక్షలు కావాలి. అన్ని అపార్ట్‌మెంట్లు విశాఖలో ఎక్కడున్నాయి? ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, బొగ్గు నుంచా ఎండ నుంచా అన్నది ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిన ప్రశ్న, అది వేరే చర్చ. డాబా సోలార్ మన బిల్లు కోసం, మన లిఫ్ట్ కోసం. సింహాద్రి మూతపడుతుందని చెప్పి జనాన్ని ఒప్పిస్తే రేపు మనల్నే నిలదీస్తారు.

గాజువాక కుర్రాడు

మూతపడుతుందని నేననలేదు, కొంచెం తగ్గినా మా ఊపిరితిత్తులకి తేడానే. సరే, ఒక్కటి చెప్పండి. బోల్టులు వదిలి, డీడ్ రాసి, రెండేళ్ళ గడువు ఇచ్చారు. రెండేళ్ళకి అసోసియేషన్ పెట్టలేదు. అప్పుడెవరు అడుగుతారు?

ఎంవీపీ కాలనీ వాసి

బిల్డర్ దగ్గర ఓసీ దాకా కొంత విస్తీర్ణం తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది కదా. అలాగే ప్యానెళ్ళ ఖర్చుకి సరిపడా డబ్బు ప్లాన్ అప్పుడే డిపాజిట్ కట్టించాలి, అసోసియేషన్ రిజిస్టర్ కాగానే దాని ఖాతాకి మళ్ళించాలి, సోలార్‌కి తప్ప ఇంకోదానికి వాడకూడదు. కొనేది ఫ్లాట్ల వాళ్ళే కాబట్టి చవక సరుకు భయం ఉండదు, డబ్బు ముందే ఉంది కాబట్టి వాయిదా వేయడానికి సాకు ఉండదు. ధర కొంచెం పెరుగుతుంది, మధురవాడ తమ్ముడికి ఆ మాట దాచను.

ఈ ఆదివారం మా కార్పొరేటర్‌ని కలుస్తున్నాం, తీర్మానం కోసం ఒక పేజీ రాసిస్తాం. బడుల మీద బ్యాటరీ సోలార్ అందులో మొదటి అంశంగా పెడుతున్నా. ఈలోగా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు మీ సేల్ డీడ్ తీసి టెర్రస్ గురించి ఏ వాక్యం రాశారో చూసి, పేర్లూ నంబర్లూ తీసేసి ఇక్కడ పెట్టండి. బిల్డర్ ఉంచుకున్నాడా, పెంట్‌హౌస్‌కి రాశాడా, అసలు ఏమీ రాయలేదా అన్నది చాలు.