"రెండే కదమ్మా, ఓర్చుకో" అనొచ్చా? చివరి కీమోలు వద్దంటున్న అమ్మను ఒప్పించాలా, వదిలేయాలా?

కిటికీపక్కసీటు
మా అమ్మకు 63 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ 3. ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీసేశారు. మళ్లీ రాకుండా ఉండాలంటే 8 కీమోలు కావాలన్నారు. ఒక్కోటీ 21 రోజుల లెక్క. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ డ్రిప్, దాంతోపాటు 14 రోజులు కేపసైటబిన్ మాత్రలు, ఆపైన వారం విరామం. ఆరు అయ్యాయి. ఏడోది ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది.

నిన్న రాత్రి అమ్మ "ఇక చాలు" అంది. మొదట్లో చల్లటి వస్తువు తాకితే వేళ్లకు షాక్ కొట్టినట్టు ఉండేది, కొన్ని రోజులకు తగ్గేది. ఇప్పుడు తగ్గడం లేదు. వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి, గుండీలు పెట్టుకోలేకపోతోంది. నడుస్తుంటే అరికాళ్ల కింద దూది పరిచినట్టు ఉందంటోంది. నేను "రెండే కదమ్మా, ఓర్చుకో" అన్నాను. మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

దూరాన ఉన్న అన్నయ్య ఫోన్ చేసి "ఎలాగోలా ఒప్పించు" అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

గట్టుమీదమనిషి
ఒప్పించండి. కాళ్లు పట్టుకునైనా ఒప్పించండి.

మా నాన్నకు ఇదే జబ్బు, ఇదే మందు. మూడు మిగిలి ఉండగా ఆపేశాం. 14 నెలల తర్వాత స్కాన్‌లో లివర్ మీద మచ్చలు కనబడ్డాయి. ఆ తర్వాత పడిన కీమోలతో పోలిస్తే, వదిలేసిన ఆ మూడూ లెక్కలోకే రావు. గుండీలు మీరు పెట్టొచ్చమ్మా. మనిషే లేకపోతే ఎవరికి పెడతారు? తిమ్మిర్లు చాలామందికి నెమ్మదిగా తగ్గుతాయి. తిరగబెట్టిన జబ్బు అలా తగ్గదు.

ఊరికేచదువుతా
అమ్మగారి ఒళ్లు, అమ్మగారి ఇష్టం.

రెండోకూతురు
మీరు అన్న మాటలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. "రెండే". రెండు అనలేదు, రెండే అన్నారు. ఆ దీర్ఘం ఎవరిది? ఎక్కించుకునే మనిషి అలా అనగలదా? పక్కన కుర్చీలో కూర్చున్నవాళ్లకే అవి "రెండే".

మా అమ్మ అన్నీ పూర్తి చేసింది. అందరం చప్పట్లు కొట్టాం. మూడేళ్లయింది. జబ్బు తిరిగి రాలేదు, దానికి సంతోషమే. కానీ ఈరోజుకీ సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. కుట్టుపని ఆమెకు కాలక్షేపం కాదు, ఆమె బతుకంతా అదే. తాళంచెవి చేతిలో ఉన్నా ఉన్నట్టు తెలియదు, కింద పడిన చప్పుడు వింటేనే తెలుస్తుంది. చివరి రెండింటి తర్వాతే ఇంత ముదిరింది. ఆపేశాక కూడా రెండు మూడు నెలలు పెరుగుతూ పోయింది. ఈ మందుకు ఆ గుణం ఉందని మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

వార్డునైట్‌డ్యూటీ
క్యాన్సర్ వార్డులో 11 ఏళ్లుగా నర్సును. తిమ్మిర్ల సంగతి డాక్టరుకు చెప్పారా? నరాలను దెబ్బతీసేది ఎక్కువగా ఆ డ్రిప్. దాని మోతాదు తగ్గించడం, లేదా డ్రిప్ ఒక్కటే ఆపేసి మాత్రలు కొనసాగించడం మామూలుగా జరిగేదే. "అన్నీ" లేదా "ఏదీ వద్దు" అని రెండే దారులు లేవు. ముందు అది అడగండి.

గట్టుమీదమనిషి
@రెండోకూతురు, రెండేను రెండే అనక ఏమంటారు? ఎనిమిదిలో ఆరు దాటాక మిగిలేది రెండే. కొండెక్కే మనిషితో "ఇంకో రెండు మలుపులే" అంటాం, అది దయలేనితనం కాదు, ఆసరా. మీ అమ్మగారు ఈరోజు మీ ఎదురుగా ఉన్నారు. సూదిలో దారం ఎక్కడం లేదని బాధపడే భాగ్యం మీకుంది. మాకు లేదు.

రెండోకూతురు
భాగ్యం అన్నారు. మా అమ్మ చేతులు చూడకుండా ఆ మాట అనగలిగారు.

కొండ ఎక్కేవాడు ఎక్కాలనుకుని బయల్దేరతాడండీ. "రెండే" అన్న మరుక్షణం ఆ మనిషికి నొప్పి చెప్పుకునే దారి మూసుకుపోతుంది. ఇక ఏం చెప్పినా ఆమె ఓర్చుకోలేనిదే అవుతుంది. ఈ అమ్మాయి చూడండి, తనే రాసింది, వాళ్లమ్మ గోడవైపు తిరిగిపోయిందని.

లెక్కలపుస్తకం
ఇద్దరూ సొంత ఇంటి సంగతే చెబుతున్నారు. ఇదే ప్రశ్న మీద ఐడియా అనే పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. ఆరు ట్రయల్స్ కలిపి 12,834 మంది, అందరూ స్టేజ్ 3 పెద్దపేగు క్యాన్సర్ వాళ్లే. మూడు నెలల కీమోనా, ఆరు నెలలదా అని చూశారు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు మూడు నెలల వైపు 74.6 శాతం, ఆరు నెలల వైపు 75.5 శాతం. చెప్పుకోదగ్గ తిమ్మిర్లు మాత్రం ఆరు నెలల వైపు దాదాపు మూడింతలు.

అయితే రిపోర్టులో టీ, ఎన్ ఏముందో చూడాలి. టీ అంటే గడ్డ పేగు గోడలోకి ఎంత లోతుకు వెళ్లిందో, ఎన్ అంటే పక్కనున్న లింఫ్ గ్రంథుల్లో ఎన్నింటికి పాకిందో. టీ1 నుంచి టీ3, ఎన్1 అయితే, ముఖ్యంగా ఈ డ్రిప్, మాత్రలు కలిపిన పద్ధతిలో మూడు నెలలు ఏమాత్రం తీసిపోలేదు. టీ4 గానీ ఎన్2 గానీ ఉంటే ఆరు నెలల వైపే కాస్త మొగ్గు.

రెండోకూతురు
చూశారా? ఒక్క శాతం కూడా తేడా లేదు. దానికోసం జీవితాంతం చేతులు పోగొట్టుకోవాలా?

గట్టుమీదమనిషి
మా నాన్నది టీ4. ఆ రెండో వాక్యం మీరు చదవలేదు, మొదటి వాక్యం దగ్గరే ఆగారు. అయినా సగటు లెక్కలు ఎవరినీ కాపాడవు. 12,834 మందిలో నాకు కావలసింది ఒక్కరే.

లెక్కలపుస్తకం
అన్నా, ఆ మూడూ ఎక్కించి ఉంటే తిరగబెట్టేది కాదని కూడా ఎవరూ చెప్పలేరు. పూర్తి చేసినవాళ్లలోనూ తిరగబెట్టింది.

గట్టుమీదమనిషి
ఎవరూ చెప్పలేరు. అందుకే నిద్ర పట్టదు తమ్ముడూ.

కిటికీపక్కసీటు
రిపోర్టు తీసి చూశాను. టీ3, ఎన్1 అనే ఉంది. అంటే ఆరు కీమోలతోనే మూడు నెలలు ఎప్పుడో దాటేశాం. ఈ ముక్క మొదట్లోనే తెలిసి ఉంటే అమ్మ మీద అంత విసుక్కునేదాన్ని కాదేమో.

నర్స్ గారూ, తిమ్మిర్ల సంగతి డాక్టరుకు చెప్పలేదు. పోయినసారి ఆయన "చేతులెలా ఉన్నాయి?" అని అడిగితే అమ్మ "పర్లేదు" అంది. బయటికొచ్చాక "ఆయనకు చెప్పకు" అని నా చేయి గట్టిగా పట్టుకుంది. నేనూ ఊరుకున్నాను.

గట్టుమీదమనిషి
టీ3 కాబట్టి ఆపేయొచ్చని ఇక్కడ చదివి తేల్చుకోకండి. మీ అమ్మగారి మనసు ఈ వారం ఒకలా ఉంటుంది, వచ్చే వారం ఇంకోలా. నీరసంలో అన్న మాటను పట్టుకుని వైద్యం ఆపేస్తే తర్వాత తలచుకోవాల్సింది మీరే. మా నాన్న ఆపేస్తానన్న రోజు నేను గట్టిగా నిలబడి ఉంటే...

రెండోకూతురు
ఒక్క మాట అడుగుతాను. మొదటి పోస్టులో మీరు "ఆపేశాం" అని రాశారు. ఇప్పుడు "నాన్న ఆపేస్తానన్న రోజు" అంటున్నారు. ఆపింది ఆయనా, మీరా? మీ మనసులో ఉన్న తప్పంతా తీసుకొచ్చి ఎవరో తల్లి నరంలోకి ఎక్కించాలని చూడకండి.

గట్టుమీదమనిషి
మీకు తల్లి బతికి ఉంది కాబట్టి ఇంత మాట అనగలిగారు. మీ అమ్మను బతికించిన ఆ కీమోలనే ఇక్కడ కూర్చుని తిడుతున్నారు. ఇంతకన్నా కృతఘ్నత నేను చూడలేదు.

మోడరేటర్
ఇద్దరూ కాసేపు ఆగండి. సలహా కోసం వచ్చిన అమ్మాయి ఇదంతా చదువుతోంది.

గట్టుమీదమనిషి (మరుసటి రోజు ఉదయం)
రాత్రి అన్న మాటకు క్షమించండి, రెండోకూతురు గారూ. మీరడిగినదానికి జవాబు చెప్తాను.

మా నాన్న ఆపేస్తాననలేదు. ఐదో కీమో తర్వాత రక్తకణాల కౌంట్లు పడిపోయి జ్వరంతో అడ్మిట్ అయ్యారు. అప్పటికి నేను బాగా అలిసిపోయి ఉన్నాను. ఉద్యోగంలో సెలవులు లేవు. రాత్రులు ఆయన ఊపిరి వింటూ కూర్చునేవాణ్ని. ఒకరోజు "నాన్నా, మిగతావి చేయించుకుందామా?" అని అడిగితే "నీ ఇష్టం రా" అన్నారు. "ఆపేద్దాం" అన్నాను. నేను ముగించేలోపే "సరే" అన్నారు. ఆ సరేలో ఎంత తొందర ఉందో ఇప్పటికీ చెవిలో ఉంది. ఊరట వల్ల అన్నారో, నా మొహం చూసి అన్నారో తెలియదు. జబ్బు తిరిగొచ్చాక ఒక్కసారి కూడా ఆ రోజు ప్రస్తావన తేలేదు. తెచ్చి ఉంటే బాగుండేది.

రెండోకూతురు
నేనూ చెప్పాల్సింది ఉంది.

మా అమ్మ కూడా సరిగ్గా అదే మాట అంది. "మీ ఇష్టం." మా అన్నయ్య ఫోన్‌లో పూర్తి చేయించాలన్నాడు. నేను మోచేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. వద్దని నాకు అనిపించింది, అయినా అనలేదు. నా కోపం మందు మీదా, మీ మీదా కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

కానీ నా మాట మారలేదు. "నీ ఇష్టం" అంటే నిర్ణయం కాదు. చెప్పే ఓపిక లేక అన్న మాట. అక్కడ ఖాళీ ఉందని మనం మన భయంతో నింపేశాం. మీరు ఆపడం వైపు, మేం కొనసాగించడం వైపు.

గట్టుమీదమనిషి
అది నేను ఒప్పుకోను. "నీ ఇష్టం" అంటే నమ్మకం. జీవితమంతా మన కోసం నిర్ణయాలు తీసుకున్న మనిషి ఒక్కసారి బరువు దించుకుంటానంటే, "కాదు, నువ్వే చెప్పు" అని తిరిగి ఆయన నెత్తినే పెట్టడం గౌరవం ఎలా అవుతుంది? వాళ్లు ఓపిక లేక అడుగుతున్నప్పుడు చేతులు వెనక్కి తీసుకోవడం కూడా వదిలేయడమే. నా తప్పు నిర్ణయం తీసుకోవడం కాదు. నా అలసటను చూసి తీసుకోవడం.

రెండోకూతురు
మీ అలసట ఏదో, ఆయన మేలు ఏదో ఆ రోజు మీకు విడివిడిగా కనబడిందా? నాకైతే కనబడలేదు. అందుకే చెప్తున్నాను, మనం ఆ పని చేయకూడదని.

ఊరికేచదువుతా
"అమ్మగారి ఇష్టం" అని నేను ఒక్క ముక్కలో రాసేశాను. మా నాన్న కూడా నాతో "నీ ఇష్టం" అనే అంటున్నారు. అందుకే రోజూ ఇక్కడికొచ్చి చదువుతున్నాను.

వార్డునైట్‌డ్యూటీ
మళ్లీ అడుగుతున్నాను, ఎందుకంటే మీరంతా ఒక విషయం దాటేశారు. కీమో ఆపాలనుకునే మనిషి తిమ్మిర్ల సంగతి డాక్టరుకు చెప్పొద్దని ఎందుకంటారు? ఆపించడానికి అంతకంటే మంచి కారణం ఇంకేముంది? ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అతకడం లేదు. "ఇక చాలు" అన్నది దేని గురించో అమ్మగారిని అడిగారా?

అన్నట్టు, కీమో నడుస్తున్నన్ని రోజులూ థర్మామీటరు దగ్గర పెట్టుకోండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి.

కిటికీపక్కసీటు (రెండు రోజుల తర్వాత)
అడిగాను.

రాత్రి గుండీలు పెడుతుంటే అడిగాను, మొహాలు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి అదే వీలు. "డాక్టరుకు ఎందుకు చెప్పొద్దన్నావు?" అంటే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. "చెప్తే వారం వాయిదా వేస్తారు. నువ్వు మళ్లీ సెలవు అడుక్కోవాలి. ఆరోజు వరండాలో నువ్వు ఆఫీసు వాళ్లతో మాట్లాడింది విన్నాను." ఆ ఫోన్‌లో నేను ఏడ్చాను. అమ్మ పడుకుందనుకున్నాను.

"అయితే నా కోసమే ఆపేస్తానన్నావా?" అంటే, "కొంత నీ కోసం, కొంత నా కోసం. ఎంత ఎవరికోసమో నేను తూకం వేయలేదు" అంది. కాసేపాగి, "ఈ వేళ్లు ఇలాగే ఉండిపోతాయా? అది చెప్పమను ముందు. ఆ తర్వాత చూద్దాం" అంది.

ఆ ప్రశ్న నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. పెన్ను పిడికిట్లో పట్టుకుని తనే రాసింది. నాలుగు లైన్లకు పావుగంట పట్టింది. అక్షరాలు పక్కకు ఒరిగిపోయాయి, ఒకచోట కాగితం చిరిగింది.

ఈరోజు ముందుగానే వెళ్లి కలిశాం. కాగితం అమ్మే ఇచ్చింది. ఆయన చదివి, వేళ్లు పట్టుకుని చూసి, కళ్లు మూసుకోమని ఏ వేలు కదుపుతున్నానో చెప్పమన్నారు. రెండుసార్లు తప్పు చెప్పింది. ఇంకో రెండు మూడు నెలలు తిమ్మిర్లు పెరగొచ్చని, తర్వాత తగ్గే అవకాశం ఉందని, పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేనని చెప్పారు. డ్రిప్ మానేసి మాత్రలు మాత్రం రెండు రౌండ్లు వేసుకోవచ్చన్నారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ "మాత్రలు వేసుకుంటాను, సూది వద్దు" అంది.

అన్నయ్యకు తనే ఫోన్ చేస్తానంది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. నేను అందుకోలేదు.

గట్టుమీదమనిషి
మంచిది తల్లీ. మాత్రలు రెండు రౌండ్లూ పూర్తయ్యేలా చూడండి. వాటితో అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొరలు ఊడుతుంటే ఈసారి దాచొద్దని చెప్పండి.

రెండోకూతురు
"చూడండి" కాదన్నా. ఆమెనే చూసుకోనివ్వండి.