కడప వైపు మామిడి తోట: ఏ కాయ దేనికి?

ప్రశ్న (వేంపల్లె): తోటలో బేనీషా (బంగినపల్లి), తోతాపురి, నీలం, నాటు పుల్లమామిడి కలిసున్నాయి. ఊరగాయకు, మాగబెట్టడానికి, ఫ్యాక్టరీకి ఏవి పనికొస్తాయి?

జవాబు (రాజంపేట): ఊరగాయకు నాటుదే అన్నా. టెంక గట్టిపడి, కండ ఇంకా తెల్లగా ఉన్నప్పుడే కొట్టాలి. బేనీషాకు పులుపు తక్కువ, ముక్క తొందరగా మెత్తబడుతుంది. నాలుగు గిన్నెల ముక్కలకు కారం, ఆవపిండి ఒక్కో గిన్నె, ఉప్పు ముప్పావు. ముక్కల మీది తడిని పొడిగుడ్డతో తుడవకపోతే బూజే. నూనె పైకి తేలకున్నా అంతే, కాచి చల్లార్చి ఇంకాస్త పోయండి.

తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు. దోరకాయ మాత్రం ఉప్పూ కారం అద్దుకుని తినాల్సిందే!

జవాబు (కోడూరు): బేనీషాను మాగబెట్టి తినండి. తొడిమ దగ్గర భుజాలు ఉబ్బితేనే కోయాలి. లేతవి వడిలిపోతాయి గానీ తీపెక్కవు. కాస్త కాడతో కోసి, తర్వాత కాడ విరిచి, తొడిమ కిందికి పెట్టి సొన కార్చండి. సొన పడితే తొక్క నల్లబడుతుంది. వరిగడ్డిలో పొరలుగా పేర్చండి. కాయలు తొందరగా మాగడానికి పెట్టే కార్బైడ్ జోలికొద్దు, అది నిషేధం.

ప్రశ్న (వేంపల్లె): నీలం కాయ పైకి బాగుంది, కోస్తే టెంకలో పురుగు. ఎందుకట్లా?

జవాబు (కోడూరు): టెంకపురుగది. పిందె మీదే గాటు పెట్టి గుడ్డు పెడుతుంది, కాయ పెరిగేకొద్దీ ఆ గాటు పూడిపోతుంది. రాలిన కాయలు, టెంకలు ఏరి లోతుగా పూడ్చండి. కండ బాగుంటే జ్యూసుకు వాడుకోవచ్చు.