సెయింట్ ఎమిలియన్ బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో బోర్డోకి తూర్పున ఉన్న సెయింట్ ఎమిలియన్‌కి వచ్చే నెల అమ్మను తీసుకెళ్తున్నాను. సున్నపురాయి గుట్ట అంచున కట్టిన చిన్న ఊరు, చుట్టూ ద్రాక్షతోటలే. 8వ శతాబ్దంలో ఎమిలియన్ అనే సన్యాసి ఇక్కడి గుహలో ఉండేవాడట, ఊరికి ఆయన పేరే. తర్వాత అదే కొండరాతిని లోపలికి తొలిచి పెద్ద చర్చి చేశారు. అమ్మకు అది చూపించాలని నా పట్టుదల.

టెన్షనంతా సందుల గురించే. పోయినసారి వాన వెలిశాక, అరిగి నున్నబడిన రాళ్ల మీద జారి, మధ్యలో ఉన్న ఇనుప కమ్మీ పట్టుకుని ఆగాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చర్చిలోకి గైడ్‌తోనే పంపిస్తారు కదా, లోపల మెట్లు ఎక్కువా? రైల్వే స్టేషన్ ఊరి బయట ఉంది, అక్కడినుంచి టాక్సీ సులువుగా దొరుకుతుందా?

ఇంకొకటి, తోటల్లో పనిచేసినవాళ్లుంటే చెప్పండి. గుట్టమీద సున్నపు నేల, కింద డోర్డోన్ నది వైపు ఇసుక నేల. ఒకే మెర్లో ద్రాక్ష అయినా వైన్ రుచిలో తేడా నిజంగా తెలుస్తుందా? 1999లో యునెస్కో ఊరితోపాటు ఈ తోటలను కూడా వారసత్వ జాబితాలో చేర్చింది, అందుకే ఈ నేల సంగతి సరిగ్గా తెలుసుకుని వెళ్లాలనుంది.