పులి వేషం వేసినవాడి ప్రశ్న

ప్రశ్న: మాది ఉప్పల్ దగ్గర కాలేజీ. క్రికెట్ ఫైనల్‌కి నన్ను పులి వేషంలోకి దింపారు. ఏప్రిల్ ఎండ, రెండు గంటలు! అసలు కాలేజీల్లో ఈ మస్కట్ (జట్టుకి గుర్తుగా పెట్టుకునే జంతువు) గోల ఎక్కడ మొదలైంది?

జవాబు: అమెరికా కాలేజీల్లో తమ్ముడూ. 1889లో యేల్ యూనివర్సిటీ విద్యార్థి ఒకతను కమ్మరి దగ్గర 5 డాలర్లకి బుల్‌డాగ్‌ని కొన్నాడు. పేరు హ్యాండ్‌సమ్ డాన్. ఆటకి ముందు దాన్ని మైదానంలో నడిపించేవారు. చచ్చాక కూడా వదల్లేదు, అద్దాల పెట్టెలో పెట్టారు! అదే పేరుతో ఇప్పటికీ కొత్త కుక్కలొస్తూనే ఉన్నాయి.

మరో జవాబు: మన హైదరాబాద్‌లోనూ 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌కి షేరూ సింహం ఉండేది. కాలేజీది కాదనుకోండి.

ప్రశ్న వేసినవాడు: ఆ కుక్కకి ఉన్ని సూట్ లేదుగా, అదృష్టం!