ఐస్‌లాండ్ కేఆర్: ఫుట్‌బాల్ క్లబ్బా, బాస్కెట్‌బాల్ క్లబ్బా?

ఆఫ్‌సైడ్ బాబాయ్:
లివర్‌పూల్ యూరప్‌లో ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఎవరితో అని చూస్తే కేఆర్ రేక్యావిక్ (ఐస్‌లాండ్ రాజధాని టీమ్) అని వచ్చింది. ఎవర్రా వీళ్లు అని వెతికితే అదే పేరు మీద బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, టేబుల్ టెన్నిస్, స్కీయింగ్, ఏదో కుస్తీ కూడా ఉన్నాయి. ఇదంతా ఒకటే క్లబ్బా? ఓనర్ ఎవరు? హిస్టరీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గోల్‌పోస్ట్ గోవిందు:
అన్నీ ఒకటే బ్రో. ఓనర్ గీనర్ ఎవరూ లేరు, మెంబర్లదే క్లబ్బు. 1899లో ఊళ్లో కొందరు కుర్రాళ్లు బంతి కొనుక్కుని ఆడుకోవడానికి పెట్టుకున్నారు, అప్పటికి ఐస్‌లాండ్ ఇంకా డెన్మార్క్ కిందే ఉంది, పోటీకి సరైన క్లబ్బు ఇంకోటి లేదు. ఆ ఊళ్లోనే పోటీ క్లబ్బులు ఫ్రామ్, వికింగుర్ 1908లో, వాలూర్ 1911లో వచ్చాయి. 1912లో మొదటి నేషనల్ ఛాంపియన్‌షిప్ పెడితే వచ్చినవి మూడే టీములు, కేఆర్ కొట్టింది. మూడింట్లో ఫస్టా అని నవ్వొద్దు, మరుసటేడాది నుంచి వరసగా ఆరేళ్లు ఫ్రామ్ ఎగరేసుకుపోయింది కప్పు. ఆ నలుపు తెలుపు చారల జెర్సీ ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్‌ని చూసి పెట్టుకున్నదే.

ఇన్ని ఆటలు ఎందుకంటే, అక్కడ క్లబ్ అంటే ఒక పేట మొత్తానిది. కేఆర్‌ది రేక్యావిక్ పడమటి వైపు, వెస్టర్‌బైర్. ఫుట్‌బాల్ లీగ్ ఎండాకాలంలోనే, చలికాలమంతా హాల్లోకి దూరి బాస్కెట్‌బాలో హ్యాండ్‌బాలో ఆడాలి, అవే పిల్లలు, అదే జెర్సీ. ఒక్కో ఆటకి విడిగా కమిటీ ఉంటుంది, దాని తిప్పలు అది పడుతుంది. ఆ కుస్తీ పేరు గ్లీమా, నడుముకీ తొడలకీ కట్టుకున్న బెల్టు పట్టుకుని నిలబడే ఆడతారు, వాళ్ల సొంత ఆట.

థ్రో ఇన్:
అసలు మసాలా వదిలేశావ్ గోవిందు. 1964 ఆగస్టులో రేక్యావిక్‌లో లివర్‌పూల్ 5-0 కొట్టింది, యూరప్ కప్పుల్లో ఆడిన మొదటి ఐస్‌లాండ్ క్లబ్ కేఆరే, అందరూ అమెచ్యూర్లు. ఆన్‌ఫీల్డ్‌లో 6-1. ఆ ఒక్క గోల్ గున్నార్ ఫెలిక్సన్ కొడితే అక్కడి జనం కూడా చప్పట్లు కొట్టారు, ఆ రోజుల్లో అలా ఉండేది మరి.

ఇక 1968లో లీగ్ గెలిచాక మొదలైంది కరువు. మధ్యలో 1977లో రెలిగేట్ (కింది డివిజన్‌కి పడిపోవడం) కూడా అయ్యారు, వాలూర్ వాళ్లూ మిగతావాళ్లూ ఎంత ఆడుకుని ఉంటారో ఊహించుకో. మళ్లీ లీగ్ వచ్చింది 1999లో, సరిగ్గా క్లబ్‌కి వందేళ్లు నిండిన సంవత్సరం, కోచ్ అట్లి ఎద్వాల్డ్సన్. లీగూ కప్పూ రెండూ, ఆడవాళ్ల టీమ్ కూడా అదే ఏడాది ఛాంపియన్. 31 ఏళ్లు ఆగినందుకు వడ్డీతో సహా వసూలు.

ఆఫ్‌సైడ్ బాబాయ్:
అబ్బ, స్క్రిప్ట్ రాసినట్టే ఉంది. అయితే అక్కడ అన్నిట్లో పెద్ద క్లబ్ కేఆరేనా?

డిఫెన్స్ లైన్:
ఫుట్‌బాల్ టైటిల్స్ లెక్కలో అవును, బాస్కెట్‌బాల్‌లో 2014 నుంచి 2019 దాకా వరసగా ఆరు కొట్టారు, అది మామూలు విషయం కాదు. కానీ హ్యాండ్‌బాల్ అంటే వాలూర్ పేరే చెప్పాలండి, ఐస్‌లాండ్ వాళ్లకి హ్యాండ్‌బాల్ అంటే ప్రాణం. వాలూర్ వాళ్లు 1980లోనే యూరప్ కప్ ఫైనల్ దాకా వెళ్లి జర్మనీ టీమ్ గ్రాస్‌వాల్‌స్టాట్ చేతిలో ఓడారు, 2024లో గ్రీస్ టీమ్ ఒలింపియాకోస్‌ని కొట్టి, పెద్ద స్థాయిది కాకపోయినా ఒక యూరప్ కప్పైతే తెచ్చారు. ఫుట్‌బాల్‌లో కూడా 1968లో స్టార్ ఆటగాడు యుసెబియో ఉన్న పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాని సొంతూళ్లో 0-0 ఆపారు, లిస్బన్‌లో 8-1 తిన్నారనుకోండి.

గోల్‌పోస్ట్ గోవిందు:
ఆ 8-1 చివర్లో మెల్లగా చెప్పావేంటి 😄 మా కేఆర్‌ది 6-1 మాత్రమే.