ఎయిర్ రైఫిల్‌కు సర్దుబాటు స్టాక్ మార్చేటప్పుడు ఏయే కొలతలు చూడాలి?

ప్రశ్న (కర్నూలు): మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. ఏడాదిలో బాగా పొడవు పెరగడంతో పాత చెక్క స్టాక్ (రైఫిల్‌ను భుజానికి ఆనించి పట్టుకునే భాగం) ఆమె భుజానికి పొట్టిగా ఉంది. అదే కంపెనీవారి మరో మోడల్‌కు చెందిన అల్యూమినియం సర్దుబాటు స్టాక్ ఒకటి అమ్మకానికి ఉంది. అది మా రైఫిల్‌కు సరిపోతుందని కొనేముందే ఎలా తేల్చుకోవాలి?

జవాబు (అనంతపురం): కంపెనీ ఒకటే అయినంత మాత్రాన స్టాక్ సరిపోతుందని దయచేసి నమ్మకండి. రైఫిల్‌లో గుండు లేదని నిర్ధారించుకొని, గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టిన తర్వాత, స్టాక్‌ను పట్టి ఉంచే బోల్టుల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి, బోల్టుల మందాన్ని, వాటి మర చుట్లను, రిసీవర్ (బ్యారెల్, ట్రిగ్గర్ అమరే లోహపు భాగం) అడుగుభాగపు ఆకారాన్ని, ట్రిగ్గర్ గార్డుకు కావలసిన చోటును అమ్మేవారు పంపే కొలతలతో పోల్చండి. అన్నిటికన్నా ముఖ్యమైనది సిలిండర్ చుట్టూ ఖాళీ. సిలిండర్ గానీ బ్యారెల్ గానీ స్టాక్‌కు తగిలితే గుండు పడే చోటు మారుతుంది.

జవాబు (కడప): పై మాటలన్నీ నిజమే, కానీ ముందు పాత స్టాక్‌కే బట్ ప్లేట్ (భుజానికి ఆనే చివరి పలక) లోపలివైపున స్పేసర్లు (పొడవు పెంచే బిళ్లలు) వేసి చూడండి అమ్మా, చాలామంది పిల్లలకు అదే సరిపోతుంది. కొత్తది తప్పదనుకుంటే, మెడ వంచకుండానే కన్ను రైఫిల్ వెనక సైట్‌కు (గురి చూసే పరికరానికి) సూటిగా వచ్చేలా చీక్ పీస్ (చెంప ఆనించే భాగం) ఎత్తు కుదరాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం సైట్లతో కలిపి రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు కనుక తూకం కూడా వేయించండి. బోల్టులను కంపెనీ చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో (బిగువును కొలుస్తూ బిగించే పానాతో) బిగించి, సైట్లను మళ్లీ సరిచేసుకోవాలి.